లాయరు ఉంటే సరిపోతుందా? ఖండ్వా కేసు ఏం తేల్చింది?

దారుణమైన నేరం జరిగిన ప్రతిసారీ రెండు డిమాండ్లు వినిపిస్తాయి. 21 రోజుల్లో ఉరి తీయాలి, నిందితుడి తరఫున ఏ లాయరూ వకాల్తా తీసుకోకూడదు. ఇప్పుడూ అవే మాటలు.

రెండోదాని సంగతి 2010లోనే తేలిపోయింది. ఫలానా వాళ్ల కేసు వాదించబోమని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పేసింది. మొదటిదాని సంగతి తెలియాలంటే మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా కేసు చూడాలి. నచ్చిన లాయరును పెట్టుకునే హక్కునిచ్చే రాజ్యాంగం 22వ అధికరణం, ఉచిత న్యాయ సహాయం అందరికీ తెలిసినవే. కాగితం మీద అక్కడ లోటేమీ లేదు. ముద్దాయికి లాయరున్నాడు.

ఎలా ఉన్నాడన్నదే ప్రశ్న. 2013 జనవరి 30న ఒక చిన్నారిపై అత్యాచారం, హత్య. ఫిబ్రవరి 13న ఛార్జిషీటు. 19న న్యాయ సహాయం కింద పెట్టిన లాయరు కోర్టుకు రాలేదు. అప్పటికప్పుడు ఇంకొకరిని నియమించి, అదే రోజు అభియోగాలు నమోదు చేశారు. కొత్తాయన కేసు కట్ట విప్పి చదివిందెప్పుడు? ముద్దాయిని పక్కన కూర్చోబెట్టుకుని అసలేం జరిగిందని అడిగిందెప్పుడు? మార్చి 4న ఉరిశిక్ష పడింది. హైకోర్టు దాన్ని ఖాయం చేసింది.

2019 డిసెంబర్ 18న సుప్రీంకోర్టు ఆ శిక్ష రద్దు చేసి, మళ్లీ విచారించమంది. ఉరి లేదా యావజ్జీవం పడే కేసుల్లో కనీసం పదేళ్ల ప్రాక్టీసున్న లాయర్నే నియమించాలని, సిద్ధం కావడానికి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలని చెప్పింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. లాయరు ఉన్నాడా అన్న ప్రశ్న, లాయరుకు పని చేసే వీలుందా అన్న ప్రశ్నగా మారింది.

దీనికి సరిగ్గా ఐదు రోజుల ముందే అత్యాచార కేసులను వేగంగా తేల్చాలంటూ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లు ఆమోదించింది. దర్యాప్తుకు 7, విచారణకు 14 పనిదినాలు. కేసు చదవడానికే వారం పోతే సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌కు మిగిలేదెంత? ఆ బిల్లు అమల్లోకే రాలేదు. కానీ ఆ 21 రోజుల లెక్క మాత్రం జనం నోళ్లలో నిలిచిపోయింది.

ఏళ్ల తరబడి వాయిదాలతో బాధిత కుటుంబాలు నలిగిపోతున్న మాట నిజం. వాళ్ల కోపం న్యాయమైనదే. అయితే ఖండ్వా కోర్టే 2024లో ఆ ముద్దాయిని నిర్దోషిగా వదిలేసింది. అతని 11 ఏళ్లు జైల్లో గడిచిపోయాయి. 2013లో విచారణ మొదలైన రెండు వారాల్లోపే న్యాయం జరిగిందనుకున్న ఆ పాప ఇంటివాళ్లు మళ్లీ మొదటికొచ్చారు.