చేతిరాత ఫాంట్లు: అపోహలు - వాస్తవాలు

శుభలేఖలకూ పుస్తకాల అట్టలకూ డిజైన్ చేయించుకోవడానికి వచ్చేవారిలో చాలామంది తెలుగుకు "బాపు గారి రాత"నూ, ఇంగ్లీషుకు గొలుసుకట్టు అక్షరాలనూ కోరతారు. కోరిక మంచిదే కానీ, దానితోపాటు కొన్ని గట్టి నమ్మకాలు కూడా వస్తుంటాయి.

అపోహ: అందమైన చేతిరాతను స్కాన్ చేస్తే ఫాంట్ తయారవుతుంది.

వాస్తవం: రాసే చెయ్యి పక్క అక్షరాన్ని చూసుకుంటూ సర్దుకుంటుంది, ఫాంటులోని అక్షరానికి తన పక్కకు ఏది వస్తుందో తెలియదు. ఫాంట్ల రూపకర్త రోజర్ ఎక్స్‌కోఫాన్ తన చేతిరాత ఆధారంగా 1953లో తెచ్చిన మిస్త్రాల్ అనే ఇంగ్లీషు ఫాంటులో చిన్న అక్షరాలు ఏ వరుసలో వచ్చినా కలిసిపోతాయంటే, ప్రతి అక్షరం మొదలయ్యే చోటునూ ముగిసే చోటునూ ముందే సరిచూసి గీయడమే కారణం. మరో రూపకర్త హెర్మన్ జాఫ్ 1998 నాటి జాఫీనో ఫాంటులో ఒక్కో అక్షరానికి పలు రూపాలు గీసి, అచ్చుపోసినట్లు ఒకేలా కనబడే దోషాన్ని తప్పించారు. తెలుగులో చిక్కు వేరు. మన అక్షరాలు గొలుసుగా కలవవు కనుక సొగసంతా తలకట్టు విసురులో, కొమ్ము వంపులో, ఒత్తు ఒదిగే తీరులో ఉంటుంది. కొత్త ఫాంట్ ఏది చేతికొచ్చినా నేను ముందుగా "లక్ష్మి" అని కొట్టి చూస్తాను. పైన గుడి, కింద రెండు ఒత్తులు ఒకేచోట చేరే ఆ పేరు ఇరుకు పడకుండా కుదిరితే, మిగిలిన పేర్లు చాలావరకు కుదురుతాయి.

అపోహ: కార్డంతా అదే ఫాంటులో ఉంటే నిండుగా ఉంటుంది.

వాస్తవం: ఇలాంటి ఫాంట్ వధూవరుల పేర్లకు, పుస్తకం పేరుకు, దుకాణం బోర్డుకు తగినది. ముహూర్తం, కల్యాణ మండపం చిరునామా, ఫోన్ నంబరు సాదా అక్షరాల్లోనే ఉండాలి. చిన్న సైజులో పెట్టిన సన్నని గీతల మీద స్క్రీన్ ప్రింటింగులో బంగారు రంగు కాస్త ఎక్కువ పడితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. కంప్యూటర్ తెర మీద పెద్దదిగా చూసి ప్రూఫ్‌కు సరే అన్నవారికి ఈ సంగతి కార్డులు చేతికొచ్చాకే తెలుస్తుంది. చోటు చాలలేదని వరుసలను దగ్గరకు జరిపితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

అపోహ: పలచగా ఉంటే బోల్డ్ చేస్తే సరి.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ వేసే బోల్డ్ సన్నగీతనూ లావుగీతనూ కలిపి ఉబ్బిస్తుంది, దాంతో కలం నడక పోతుంది. మాథ్యూ కార్టర్ 1966లో రూపొందించిన స్నెల్ రౌండ్‌హ్యాండ్ అనే గొలుసుకట్టు ఇంగ్లీషు ఫాంటుకు విడిగా గీసిన బోల్డ్ ఉంది, అటువంటిదే వాడాలి. గొలుసుకట్టు ఫాంటులో ఇంగ్లీషు పేరును మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో పెట్టమని దయచేసి అడగకండి, చదవడం ఎవరి తరమూ కాదు.

అపోహ: నెట్‌లో దొరికినదంతా ఉచితం.

వాస్తవం: చాలా ఫాంట్లు సొంత వాడకానికే ఉచితం, డబ్బు తీసుకుని చేసే కార్డు ఆ కోవలోకి రాదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న లక్కిరెడ్డి అనే చేతిరాత తరహా తెలుగు ఫాంట్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉంది కనుక వ్యాపార పనులకూ వాడుకోవచ్చు. అది ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తించే యూనికోడ్ పద్ధతిలో ఉండడం వల్ల, అదే మాటర్‌ను వాట్సాప్‌లో పంపినా, యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో కొట్టినదానిలా పిచ్చి గీతలుగా మారదు.