ఉడికిన తర్వాత మొదలయ్యే ప్రమాదం

1964 మే నెలలో స్కాట్లండ్‌లోని అబర్డీన్ నగరంలో టైఫాయిడ్ ప్రబలింది. 400 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎక్కడి నుంచి వచ్చిందని ఆరా తీస్తూ పోతే దారి ఒక దుకాణంలో ముక్కలు కోసి అమ్మిన డబ్బా మాంసం దగ్గరికీ, అక్కడి నుంచి అర్జెంటీనాలో ఆ డబ్బా తయారైన ఫ్యాక్టరీకీ చేరింది.

ఫ్యాక్టరీలో ఉడికించడంలో లోపం లేదు. ఆ వేడికి టైఫాయిడ్ క్రిమి బతకదు. తప్పు ఆ తర్వాతి మెట్టులో జరిగిందని విచారణ సంఘం నిర్ధారణకు వచ్చింది. వేడివేడి డబ్బాలను చల్లార్చడానికి క్లోరిన్ కలపని నది నీళ్లు వాడారు. ఊళ్ల మురుగు కలిసే నది అది. డబ్బా చల్లారుతున్నప్పుడు లోపలి ఆవిరి నీరై పీడనం పడిపోతుంది. అతుకులో కంటికి కనబడనంత సందు ఉన్నా చాలు, బయటి నీటిబొట్టును డబ్బా లోపలికి పీల్చుకుంటుంది. టైఫాయిడ్ బ్యాక్టీరియా పెరిగేటప్పుడు వాయువు పుట్టించదు. అందుకే డబ్బా ఉబ్బలేదు, అనుమానం రాలేదు. దుకాణంలో ఆ మాంసాన్ని కోసిన యంత్రం మీదే వేరే మాంసాలూ కోశారు. ఒక్క డబ్బాలో ఉన్నది బ్లేడు మీదుగా మిగతా వాటికీ అంటుకుంది.

తెలుగులో ‘ఆహార భద్రత’ అన్న మాటను రెండు అర్థాల్లో వాడుతున్నాం. అందరికీ తిండి దొరకడమూ అదే, తిన్న తిండి జబ్బు చేయకపోవడమూ అదే. ఇక్కడ మాట్లాడేది రెండోదాని గురించి. దాని చరిత్రను సాధారణంగా వేడి సాధించిన విజయంగా చెబుతారు. అది సగం నిజమే. ఉడికించాలని మనుషులకు ఎప్పుడో తెలుసు. ఉడికించాక ఏం జరుగుతుందో తెలుసుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది, ఎక్కువ ప్రాణాలు పోయాయి.

ఫ్రాన్స్‌లో నికొలా అప్పెర్ అనే మిఠాయి తయారీదారు ఆహారాన్ని గాజు సీసాల్లో నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉంచి నిల్వ చేసే పద్ధతిని కనిపెట్టాడు. 1810లో ఆ దేశ ప్రభుత్వం ఆయనకు 12,000 ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. అదే ఏడాది ఇంగ్లండ్‌లో రేకు డబ్బాకు పేటెంటు వచ్చింది. ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో అప్పెర్‌కు తెలియదు. పాశ్చర్ సూక్ష్మజీవుల సంగతి తేల్చడానికి ఇంకో 50 ఏళ్లు పట్టింది. కారణం తెలియకుండా చేసే పని, కొలత మారగానే బెడిసికొడుతుంది. 1852లో బ్రిటిష్ నౌకాదళపు గోదాముల్లో మాంసం డబ్బాలు విప్పి చూస్తే గుట్టలుగా కుళ్లిపోయి కనిపించాయి. డబ్బాల పరిమాణం పెంచారు గానీ వేడి నడిమధ్యకు చేరేంత సేపు ఉడికించలేదన్నది తర్వాత తెలిసిన సంగతి. 1890ల్లో అమెరికాలో ప్రెస్కాట్, అండర్‌వుడ్ అనే ఇద్దరు డబ్బాల లోపల థర్మామీటర్లు పెట్టి, అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోటు ఎక్కడుందో వెతికారు. పాత్ర ఎంత వేడిగా ఉందన్నది లెక్కలోకి రాదు, ఆ చోటు ఎంత వేడెక్కిందన్నదే లెక్క. ఈనాటికీ థర్మామీటరు మొనను మందంగా ఉన్న భాగం నడుమకు గుచ్చమనడం అందుకే.

మరిగే నీళ్లు అన్నిటినీ చంపలేవని చూపించింది బోట్యులిజం అనే జబ్బు. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎలిజెల్ అనే ఊళ్లో ఒక అంత్యక్రియల తర్వాత వాద్యబృందం వాళ్లు ఉప్పునీటిలో ఊరబెట్టిన పంది తొడ మాంసం తిన్నారు. చూపు రెండుగా కనబడటం, మింగలేకపోవడం, కండరాలు పట్టుతప్పడం మొదలైంది. ముగ్గురు చనిపోయారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసం నుంచి గాలి లేని చోట మాత్రమే పెరిగే బ్యాక్టీరియాను వేరుచేశాడు. ఇది పరిస్థితి బాగాలేనప్పుడు గట్టి పెంకు లాంటి స్పోర్‌గా మారి నిద్రాణంగా ఉంటుంది. 100 డిగ్రీల వేడిలో గంటల తరబడి మరిగించినా ఆ స్పోర్లు తట్టుకోగలవు. గాలి తీసేసి మూసిన డబ్బా వాటికి సరైన ఇల్లు. వేడి పోటీ క్రిములన్నిటినీ చంపేసి ఇల్లు ఖాళీ చేసి పెడుతుంది కూడా.

1919–20లో అమెరికాలో డబ్బా ఆలివ్ కాయలు తిని జనం చనిపోయాక పరిశ్రమే డబ్బు పెట్టి పరిశోధన చేయించింది. 1922లో ఎస్టీ, మేయర్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన లెక్కల మీదే డబ్బా పరిశ్రమ ఇప్పటికీ నడుస్తోంది. డబ్బాలో అన్నిటికంటే ఆలస్యంగా వేడెక్కే చోట 121 డిగ్రీలు సుమారు 3 నిమిషాలు ఉండాలి. ఆ వేడికి లక్ష కోట్ల స్పోర్లు ఉంటే ఒక్కటి మిగులుతుంది. 121 డిగ్రీలు రావాలంటే మామూలు గిన్నె చాలదు, చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఆవిరి పీడనం కావాలి. పుల్లటి పండ్లకు ఇంత అక్కర్లేదు. పులుపును కొలిచే పీహెచ్ అంకె 4.6 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఈ స్పోర్లు మొలకెత్తవు, మరిగే నీళ్లు సరిపోతాయి. ఇళ్లలో కూరగాయలనూ మాంసాన్నీ సీసాల్లో నింపి మరిగే నీళ్లలో ఉంచి నిల్వ చేయడం ప్రమాదమని చెప్పేది ఇందుకే. పుల్లదనం లేని పదార్థానికి ఆ పద్ధతి ఎప్పటికీ చాలదు.

ఇంకో నమ్మకం కూడా పోవాల్సి వచ్చింది. ‘మళ్లీ మరిగిస్తే బాగైపోతుంది’ అన్నది చాలా వంటిళ్లలో ఇప్పటికీ వినబడే మాట. మనుషుల ముక్కులోనూ, చేతి పుండ్లలోనూ ఉండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఆహారంలో పెరుగుతూ విషాన్ని వదులుతుంది. 1914లో ఫిలిప్పీన్స్‌లో బార్బర్ అనే పరిశోధకుడు, పొదుగు వాచిన ఆవు పాలను తానే తాగి దీన్ని గుర్తించాడు. 1930లో షికాగోలో డ్యాక్, ఆయన సహచరులు క్రీము నింపిన కేకుల ఉదంతంలో విషాన్ని విడిగా నిరూపించారు. బ్యాక్టీరియా వేడికి చచ్చిపోతుంది, అది వదిలిన విషం మాత్రం అరగంట మరిగించినా పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. వండే మనిషి చేతి మీద పుండు ఉంటే నీరు పట్టని పట్టీ వేసి, దాని మీద గ్లోవు తొడగాలన్న నియమం ఈ విషం వల్ల వచ్చిందే.

ఈ మొత్తం చరిత్రలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే భాగం చల్లార్చడం. 1953లో ఇంగ్లండ్‌లో బెటీ హాబ్స్ బృందం క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాలను వివరించింది. కథ ప్రతిసారీ ఒకటే. పెద్ద గంగాళంలో మాంసం ముందురోజు వండుతారు. రాత్రంతా పొయ్యి పక్కనే వదిలేస్తారు. మర్నాడు కాస్త వెచ్చబెట్టి వడ్డిస్తారు. వండినప్పుడు ఈ బ్యాక్టీరియా స్పోర్లు చావవు సరికదా, ఆ వేడి వాటిని నిద్ర లేపుతుంది. మరగడంతో గాలి బయటికి పోయి ఉంటుంది కాబట్టి గాలి ఆడని ఆ గంగాళం అడుగే వాటికి అనుకూలం. 45 డిగ్రీల చుట్టుపక్కల ఇవి దాదాపు 10 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. ఆ లెక్కన ఒక్కటి 4 గంటల్లో 24 సార్లు రెట్టింపై 1 కోటి 67 లక్షలు దాటుతుంది. 1970ల్లో బ్రిటన్‌లో వండి వార్చి గది వేడిలో వదిలేసి, తర్వాత వేయించిన అన్నంలో బ్యాసిలస్ సిరియస్ అనే మరో బ్యాక్టీరియా ఇదే పని చేసింది. దాని విషం వేయించినా పోదు.

చల్లార్చే నియమంలోని అంకెలు ఈ అనుభవం నుంచి పుట్టాయి. అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం 57 డిగ్రీల నుంచి 21కి 2 గంటల్లో రావాలి, అక్కడి నుంచి 5కి ఇంకో 4 గంటల్లో రావాలి. మొదటి మెట్టుకు తక్కువ సమయం ఇవ్వడానికి కారణం ఉంది. క్రిములు అతివేగంగా పెరిగే వేడి ఆ మధ్యలోనే ఉంది. మొదటి 2 గంటలు తప్పితే రెండో మెట్టు ఎంత బాగా చేసినా లాభం లేదు.

ఆచరణలో తప్పేదీ ఇక్కడే. 20 లీటర్ల గిన్నెను మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసేస్తే పని అయిపోయిందనుకుంటారు. చిక్కటి పదార్థంలో వేడి నడుమ నుంచి అంచుకు పాకడానికి పట్టే సమయం మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లోతు రెండింతలైతే సమయం సుమారు నాలుగింతలు. పెద్ద గిన్నె మధ్యభాగం తెల్లవార్లూ గోరువెచ్చగా ఉండి, పక్కనున్న చల్లటి పదార్థాలను కూడా వెచ్చబరుస్తుంది. అందుకే 5 సెంటీమీటర్లకు మించని లోతు ఉన్న వెడల్పు పళ్లేల్లోకి తీయాలి. పలచనివైతే గిన్నెను మంచునీళ్లలో దించి కలుపుతూ ఉండాలి. చల్లారేదాకా మూత బిగించకూడదు, పళ్లేలను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. చేతికి చల్లగా తగిలిందని నమ్మకూడదు, థర్మామీటరు పెట్టాలి. ఆ థర్మామీటరును కూడా అప్పుడప్పుడు పరీక్షించాలి. చితక్కొట్టిన మంచులో కొద్దిగా నీళ్లు పోసి ముంచితే 0 చూపించాలి.

చల్లబరిస్తే అంతా నిద్రపోతాయన్న ధీమాను లిస్టీరియా పోగొట్టింది. 1981లో కెనడాలోని నోవా స్కోషియాలో క్యాబేజీ సలాడ్ వల్ల 41 మందికి జబ్బు చేసింది, అందులో ఎక్కువమంది గర్భిణులు, పసికందులు. గొర్రెల ఎరువు వేసిన పొలంలో పండిన క్యాబేజీని నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉంచారు. ఈ బ్యాక్టీరియా 4 డిగ్రీల వద్ద కూడా నెమ్మదిగా పెరుగుతుంది. ఫ్రిజ్ గడియారాన్ని నెమ్మది చేస్తుంది గానీ ఆపదు. వండకుండా తినే చల్లటి పదార్థాలకు గడువు తేదీ వేసేటప్పుడు దీన్నే లెక్కలోకి తీసుకుంటారు.

ఇన్ని చోట్ల తప్పు జరగగలిగినప్పుడు చివర్లో తయారైన సరుకును పరీక్షిస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. 1959 నుంచి వ్యోమగాములకు ఆహారం తయారుచేసే పనిలో పిల్స్‌బరీ సంస్థ, నాసా, అమెరికా సైన్యపు నేటిక్ ప్రయోగశాల ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నాయి. నమ్మకం కుదిరేంతగా పరీక్షిస్తే తయారైన దానిలో చాలా భాగం పరీక్షలకే ఖర్చయ్యేది. లెక్క వేసి చూడండి. వెయ్యి పొట్లాలకు ఒకటి పాడైన సరుకులోంచి 60 తీసి పరీక్షిస్తే, ఆ ఒకటి దొరక్కుండా పోయే అవకాశం 94 శాతం. నూటికి ఒకటి పాడైనా సగానికి పైగా సార్లు పరీక్ష ‘బాగుంది’ అనే చెబుతుంది.

దాంతో చూపు సరుకు మీద నుంచి పని మెట్ల మీదికి మళ్లింది. ఏ మెట్టులో ప్రమాదం ఉంది, ఏ మెట్టు తప్పితే తర్వాత దిద్దుకోలేం, అక్కడ దాటకూడని హద్దు ఎంత, దాటితే ఆ సరుకును ఏం చేయాలి అన్నవి ముందే రాసిపెట్టుకోవాలి. దీన్నే హ్యాసప్ (హజార్డ్ అనాలిసిస్ అండ్ క్రిటికల్ కంట్రోల్ పాయింట్) అంటున్నాం. 1971లో దీన్ని బహిరంగంగా వివరించారు. 1993లో ఆహార ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ సంస్థ కోడెక్స్ దీనికి అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చింది. దీని బలం మొత్తం ఒక చిన్న పుస్తకంలో ఉంటుంది, అదే వేడి నమోదు చేసే రిజిస్టర్. గంటగంటకూ 75, 75, 75 అని ఒకే పెన్నుతో ఒకే వాలులో రాసి ఉంటే అది సాయంత్రం కూర్చుని నింపిన పేజీ. నిజంగా కొలిచిన పేజీలో 76 ఉంటుంది, 74 ఉంటుంది, ఒకచోట 68 పడి దాని పక్కన ‘మళ్లీ ఉడికించాం, 77’ అని ఉంటుంది. తప్పు కనబడే రిజిస్టరే పనిచేసే రిజిస్టర్.

హద్దును తక్కువగా పెడితే ఏమవుతుందో 1993లో అమెరికాలో తెలిసింది. ఒకే సంస్థకు చెందిన దుకాణాల్లో అమ్మిన హాంబర్గర్ల వల్ల ఈ.కోలై ఓ157 అనే బ్యాక్టీరియా సోకి 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. వాషింగ్టన్ రాష్ట్రం నడుమ భాగం 68 డిగ్రీలకు చేరాలని చెబితే, ఆ దుకాణాలు 60 డిగ్రీల పాత హద్దునే పాటించాయి. మాంసపు ముక్కకైతే క్రిములు పైభాగం మీదే ఉంటాయి, పైన కాలితే చాలావరకు పోతాయి. కైమా కొట్టినప్పుడు పైనున్నవి నడుమకు చేరతాయి. మరుసటి ఏడాది కైమా మాంసంలో ఈ క్రిమి ఉంటే ఆ మాంసాన్ని కల్తీ సరుకుగా పరిగణిస్తామని అమెరికా వ్యవసాయ శాఖ ప్రకటించింది.

ఉడికించే మెట్టే లేని ఆహారం సంగతి వేరు. 2011లో జర్మనీలో 3,800 మందికి పైగా జబ్బుపడ్డారు, 50 మందికి పైగా చనిపోయారు. మొదట స్పెయిన్ దోసకాయలను అనుమానించారు, అక్కడి రైతులు తీవ్రంగా నష్టపోయారు. చివరికి కారణం మెంతి మొలకలని తేలింది. మొలకలు తయారయ్యే తీరు చూస్తే ఆశ్చర్యం కలగదు. గింజను తడిపి, రోజుల తరబడి వెచ్చగా, తేమగా ఉంచుతారు. క్రిమిని పెంచాలనుకున్నవాడు కూడా సరిగ్గా ఇలాగే పెంచుతాడు. అదే జూన్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో దగ్గరా కొందరికి అదే జబ్బు వచ్చింది. రెండు చోట్లా మొలకెత్తించిన గింజలు 2009లో ఈజిప్టు నుంచి దిగుమతైన ఒకే సరుకువి కావచ్చని సరఫరా కాగితాలు చూపించాయి.

2013లో ఐరోపా సమాఖ్య మొలకల కేంద్రాలకు అనుమతి తప్పనిసరి చేసింది, గింజ ఎక్కడి నుంచి వచ్చిందో ఏ చేతికి పోయిందో రాయమంది. పరీక్షకు నమూనా తీసే వేళ కూడా చెప్పింది. పొడి గింజలో క్రిములు దొరకనంత తక్కువగా ఉంటాయి. అందుకే ప్రతి కొత్త సరుకులోంచి కొన్ని గింజలను ముందు మొలకెత్తించి, మొలకెత్తడం మొదలైన 48 గంటల తర్వాతే నమూనా తీయాలి. ఉంటే గింటే అప్పటికి అవి పెరిగి పరీక్షకు దొరుకుతాయి.