కౌన్సెలర్ల గొడవ వెనక 2019 ఏప్రిల్

ఫలితాల సీజన్ దగ్గరపడితే చాలు, జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ల మాట మళ్లీ పైకొస్తుంది. వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని సుప్రీంకోర్టు 2025 జులై 25న ఆదేశించింది. అంతమంది ఎక్కడ దొరుకుతారన్నది యాజమాన్యాల మాట. రికార్డులో ఒక పేరు చూపించి, ఆ పని కూడా ఏ బయాలజీ లెక్చరర్‌కో అంటగడుతున్నారన్నది తల్లిదండ్రుల ఫిర్యాదు. కోపం, భయం, అవమానం వచ్చినప్పుడు తట్టుకోవడం, దెబ్బ తిన్నాక తేరుకోవడం పిల్లలకు నేర్పాలన్నదానిపై ఎవరికీ పేచీ లేదు. ఎవరు మారాలన్న దగ్గరే పేచీ.

జీవన నైపుణ్యాల పాఠాలు, నైతిక విద్య పీరియడ్లు అందరికీ తెలిసినవే. వాటిని పక్కన పెడదాం. ఈ వివాదం అర్థం కావాలంటే తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన 2019 ఏప్రిల్ 18 దగ్గరికి వెళ్లాలి.

ఆ ఏడాది 9 లక్షలకు పైగా విద్యార్థులు పరీక్షలు రాస్తే 3 లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. పరీక్ష రాసిన పిల్లలకు ఆబ్సెంట్ పడింది. మొదటి ఏడాది మంచి మార్కులు తెచ్చుకున్న ఓ అమ్మాయికి రెండో ఏడాది తెలుగులో సున్నా వచ్చింది. తీరా చూస్తే, పేపరు దిద్దినవాళ్లు 99 అని దిద్దాల్సిన వృత్తాల్లో 00 దిద్దారు. దానికి వేసిన జరిమానా 5,000 రూపాయలు. ఫలితాల తర్వాత కొద్ది రోజుల్లోనే ఇరవై మంది దాకా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఇంటర్ బోర్డు ఆఫీసు ముందు తల్లిదండ్రులు రోజుల తరబడి ధర్నా చేశారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. ఫెయిలైన అందరికీ ఉచితంగా రీవెరిఫికేషన్ చేయించింది. అందులో వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

చనిపోయిన పిల్లల ఫలితాలకూ ఈ తప్పులకూ సంబంధం లేదని బోర్డు వాదించింది. పరీక్ష పోతే జీవితం పోయినట్టు కాదని, ధైర్యంగా ఉండాలని పెద్దలంతా పిల్లలకు చెప్పారు. మంచి మాటే. కాకపోతే తప్పు దొర్లింది పెద్దల దగ్గర, నిబ్బరం నేర్చుకోమన్నది పిల్లల్ని. సైకాలజిస్టుల ఫోన్ నంబర్ల జాబితా ఫలితాల ప్రకటనలో మామూలు భాగమైపోవడం, కౌన్సెలింగ్ అంటే ఫలితాల వారం చేసే పని అన్న అభిప్రాయం గట్టిపడటం ఆ తర్వాతే.

అంతకుముందు దారి వేరుగా ఉండేది. విద్యార్థుల ఆత్మహత్యల మీద వేసిన కమిటీలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001 నాటి నీరదా రెడ్డి కమిటీ గానీ, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి చక్రపాణి కమిటీ గానీ కార్పొరేట్ కాలేజీల వైపే వేలు చూపించాయి. విరామం లేని చదువు వేళలు, ఆటల్లేని హాస్టళ్లు వాటి ప్రధాన ఫిర్యాదులు. ఆ సిఫార్సులు ఫైళ్లలో ఉన్నాయి.

2019లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ‘ఆనంద వేదిక’ మొదలైంది. ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో దలైలామా చేతుల మీదుగా ప్రారంభించిన హ్యాపీనెస్ క్లాసుల కోవలోదే ఇది. కాసేపు కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టడం, ఒక కథ, దాని మీద మాటలు. పరీక్ష ఉండదు. పిల్లలకు ఇష్టమైన క్లాసే. విచిత్రమేమిటంటే అది పెట్టింది ప్రభుత్వ బడుల్లో. టెన్షన్ పేరుకుపోయేది కార్పొరేట్ హాస్టళ్లలో.

అయినా ఊపిరి పాఠం ఒక్కటే సరిపోతుందా? బ్రిటన్‌లో 8 వేల మందికి పైగా విద్యార్థులతో జరిపి 2022లో ప్రచురించిన మిరియడ్ అధ్యయనంలో, మైండ్‌ఫుల్‌నెస్ నేర్పిన పిల్లలకు మామూలు పాఠాలు విన్నవాళ్ల కంటే అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు. మనకు మరింత పనికొచ్చేది బిహార్ అనుభవం. నలంద జిల్లాలో 74 ప్రభుత్వ పాఠశాలల్లో చేసిన ‘సెహెర్’ ప్రయోగం ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కొన్ని బడుల్లో కార్యక్రమాన్ని టీచర్లకే అప్పగించారు. మరికొన్నింటిలో పెద్ద డిగ్రీలు లేకపోయినా శిక్షణ ఇచ్చిన కౌన్సెలర్‌ను పెట్టారు. టీచర్ల చేతిలో పెట్టిన చోట ఫలితం లేదు. కౌన్సెలర్ ఉన్న చోట బడి వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో కుంగుబాటు, ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గాయి. సైకాలజిస్టులు దొరకడం లేదనే యాజమాన్యాలూ, లెక్చరర్‌తో సరిపెట్టేవాళ్లూ చదవాల్సిన కాగితం ఇది.

ఇక సుప్రీంకోర్టు తీర్పు. దాని మూలం విశాఖలో ఉంది. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. సీబీఐ దర్యాప్తుకు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించడంతో తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లారు. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా కేసును సీబీఐకి అప్పగించి, దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. 2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, అందులో 2,248 మరణాలకు పరీక్ష తప్పడమే కారణంగా నమోదైందని తీర్పు గుర్తుచేసింది. టెలి మానస్ (14416) లాంటి హెల్ప్‌లైన్ల నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనిపించేలా పెట్టమంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వమంది.

కౌన్సెలర్ నియామకం మీద ఇంత రభస జరుగుతోంది గానీ, అదే తీర్పులో ఇంకో మాట ఉంది: మార్కులను బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దు, నలుగురిలో సిగ్గుపడేలా చేయొద్దు. దీని మీద యాజమాన్యాలు నోరు విప్పడం తక్కువ. వీకెండ్ టెస్టు రాశాక ర్యాంకుల జాబితా నోటీస్ బోర్డుకెక్కుతుంది, ఇంటికి మెసేజ్ వెళ్తుంది. మార్కులు తగ్గితే సెక్షన్ మారుతుంది. దాంతోపాటు పాఠం చెప్పే లెక్చరర్, పక్కన కూర్చునే స్నేహితుడు, కొన్నిచోట్ల హాస్టల్ గది కూడా. ఆ సోమవారం పొద్దున కుర్రాడికి ఏ కౌన్సెలర్ ఏం నేర్పగలడు?

పిల్లాణ్ణి పై సెక్షన్‌లో వేయమని అడిగేది తల్లిదండ్రులేనని కాలేజీలవాళ్లు అంటారు. అందులో నిజం ఉంది. అమ్మానాన్నలకు కూడా అవగాహన కార్యక్రమాలు పెట్టాలని కోర్టు చెప్పింది కూడా. కానీ ఫీజు కార్డు మీద సెక్షన్‌కో రేటు అచ్చేసేది తల్లిదండ్రులు కాదు.