ఇంటి వంటకి పెద్ద హోటల్ మెనూలో ఏం పేరు పెట్టాలి? అపోహలు, వాస్తవాలు

"పఖాళకి ఏదైనా ఇంగ్లీష్ పేరు చెప్పండి సార్, కాస్త రిచ్‌గా ఉండాలి." పఖాళ అంటే ఒడిశా చద్దన్నం. ఎండలు ముదిరి మార్చి 20, అక్కడ జరుపుకునే పఖాళ దివసం దగ్గరపడితే చాలు, ఇవే ఫోన్లు. బరంపురం, గోపాల్‌పూర్, రాయగడ, జయపురం వైపు హోటళ్లకి మెనూలు రాసిపెట్టడం నా పని. అంతకుముందు చాలాకాలం వంటింట్లోనే చేశాను. అడిగేవాళ్లని చూస్తే జాలేస్తుంది. లోన్ తీసుకుని ఏసీ హాలు కట్టి, ఇంటీరియర్‌కి లక్షలు పోసి, తీరా మెనూ కార్డు దగ్గరకొచ్చేసరికి టెన్షన్ పట్టుకుంటుంది, ఇంత హంగు చేసి చద్దన్నం అమ్ముతున్నారని నలుగురూ నవ్వుతారేమో అని. ఆ టెన్షన్ నాకు అర్థమవుతుంది. దాన్ని అడ్డం పెట్టుకుని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాలు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: ఇంటి పేరు కనిపిస్తే పెద్ద హోటల్లో ఎవరూ ఆర్డర్ చేయరు, పేరు మార్చాల్సిందే.

హోటల్ వాళ్లకి ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే కాబట్టి నా గొడవంతా దీనిమీదే. పప్పుచారో, కూరగాయలేసిన ఒడియా పప్పు దాలమానో, పఖాళో మనిషి ఎందుకు తెప్పించుకుంటాడు? దాని రుచి ముందే తెలుసు కనుక. ప్రయాణంలో కడుపు పాడైందనో, వరసగా గ్రేవీలు తిని మొహం మొత్తిందనో, అమ్మ గుర్తొచ్చిందనో. ఆ పేరు కంటపడగానే సగం ఆర్డర్ అయిపోయినట్టే. మీరు దాన్ని చెరిపేసి 'కోస్టల్ ఫర్మెంటెడ్ రైస్ బౌల్' అని పెడితే, పఖాళ కోసం చూసేవాడికి అది మీ దగ్గర ఉందనే తెలియదు. తెలియనివాడేమో 'ఫర్మెంటెడ్' అన్న మాట చూసి పాడైన అన్నం పెడతారేమోనని జంకుతాడు. ఇద్దరూ పోయినట్టే కదా.

గోపాల్‌పూర్‌లో ఒక హోటల్, పేరెందుకు లెండి, సరిగ్గా ఈ పేరే పెట్టుకుని, అమ్ముడవడం లేదని ఆ తర్వాత నన్ను పిలిచింది. పని మొదలుపెట్టే ముందు నేను ఒక మధ్యాహ్నమైనా హాల్లో ఓ మూల కూర్చుని చూస్తాను. అక్కడా అలాగే కూర్చున్నా. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదేటి బాబూ, బౌల్ అంతన్నారు?" అన్నాడు. వెయిటర్ ఒడియా కుర్రాడు, తెలుగు బాగానే వచ్చు. కొంచెం వంగి, మేనేజర్ వినకుండా, "చద్దన్నమే తాతగారూ, పెరుగేసి, పక్కన బడి చూరా, చేప వేపుడు ఇస్తాం" అన్నాడు. "మరా ముక్కే రాయొచ్చు కదేటి!" ఆ టేబుల్ మీదకి మూడు వెళ్లాయి. పక్కన కూర్చున్న బెంగాలీ జంటకి అదే కుర్రాడు వాళ్ల భాషలో పాంతా భాత్ అని చెప్పాడు. వంటింటి కిటికీ దగ్గర గుచ్చిన కేఓటీలు, అంటే ఆర్డర్ రాసి వంటింటికి పంపే చీటీలు, తిరగేస్తే అన్నిటిమీదా చేతిరాతతో 'పఖాళ' అనే ఉంది.

నన్నడిగితే, కేఓటీ మీద కుర్రాళ్లు ఏం రాస్తారో అదే ఆ వంటకం అసలు పేరు. కార్డు మీద ఒక పేరు, టేబుల్ దగ్గర ఒకటి, పొయ్యి దగ్గర ఇంకొకటి నడుస్తుంటే రద్దీలో తప్పు ప్లేటు వెళ్లక మానదు. వెనక్కొచ్చిన ప్లేటు డబ్బు పోయేది ఓనర్ జేబులోంచే.

అక్కడ చివరికి పెట్టింది 'దహి పఖాళ'. ఒడియా, తెలుగు, ఇంగ్లీష్ మూడు లిపుల్లోనూ అదే పేరు, పెద్దక్షరాల్లో. కింద చిన్నక్షరాల్లో ఒకే లైను: రాత్రంతా నీళ్లలో ఊరి పులిసిన అన్నం, గట్టి పెరుగు, పక్కన మినప వడియాలు దంచిన బడి చూరా, తోటకూర వేపుడు, చేప వేపుడు. ధరకి సమాధానం చెప్పేది ఆ కింది లైనే. నీళ్లన్నానికి ఇంత రేటా అని మూతి విరిచేవాడు అందులో ఎన్ని వస్తున్నాయో చదివి ఊరుకుంటాడు. అందుకే ఓనర్లకి చెబుతుంటాను, పేరు మీద పెట్టే బుర్ర ఆ లైను మీద పెట్టండి, వడియాలు ఎవరు పెట్టారో, చేప ఏ రేవులో దిగిందో నిజంగా తెలిస్తే అది రాయండి, తెలియకపోతే వదిలేయండి.

ఇక్కడ ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. మరి మాస్టర్‌షెఫ్ ఆస్ట్రేలియా అనే టీవీ వంటల పోటీలో 'స్మోక్డ్ రైస్ వాటర్' అని పెట్టారు కదండీ అని. నిజమే, 2021 ఫైనల్లో బంగ్లాదేశ్ మూలాలున్న కిశ్వర్ చౌధురి పాంతా భాత్‌ని ఆ పేరుతో, ఆలూ భర్తా, సార్డిన్ చేపతో పెట్టింది, మూడో స్థానం తెచ్చుకుంది. జడ్జీలు ముగ్గురు. వాళ్లకి ఎదురుగా నిలబడి అది ఏ ఇళ్లలో ఎలా తింటారో తనే చెప్పింది. ఆదివారం మధ్యాహ్నం ముప్పై టేబుళ్లకి అలా నిలబడి చెప్పే మనిషిని మీరు పెట్టగలరా? పెట్టగలిగితే ఏ పేరైనా పెట్టుకోండి, నాకేం.

అపోహ: పేరుకి నాలుగు వర్ణనలు తగిలిస్తే అమ్మకాలు 27 శాతం పెరుగుతాయని రీసెర్చ్ తేల్చింది.

ఆ 27 శాతం 2001లో అమెరికా రీసెర్చర్ బ్రయాన్ వాన్‌సింక్ బృందం ఒక యూనివర్సిటీ క్యాంటీన్‌లో చేసిన ప్రయోగంలోది. తర్వాత కార్నెల్ యూనివర్సిటీ‌లో ప్రొఫెసర్‌గా ఉండగా ఆయన రీసెర్చ్ మీద విచారణ జరిగి, 2018లో యూనివర్సిటీయే తప్పు జరిగిందని తేల్చింది, ఆయన రాజీనామా చేశారు, డజనుకు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ఆ 2001 పేపర్ సంగతి పక్కన పెట్టినా, అలాంటి చేతిలోంచి వచ్చిన అంకెని నమ్ముకుని ప్రింటింగ్‌కి వెళ్లమని నేనైతే చెప్పను. కన్సల్టెంట్లు మాత్రం ఇప్పటికీ స్లైడ్లలో దాన్ని తిప్పుతూనే ఉన్నారు.

అపోహ: 'బామ్మ చేతి', 'అమ్మమ్మ స్పెషల్' అంటే చాలు.

ఒక కార్డులో ఒక్కసారి అయితే సరే. ఒకే పేజీలో ముగ్గురు బామ్మల్ని చూశాను నేను, వంటింట్లోకెళ్తే ఇరవయ్యేళ్ల కుర్రాడు ప్యాకెట్ మసాలా చింపుతున్నాడు. ఇంటి వంట విషయంలో తినేవాడే పరీక్షాధికారి, వాడి నాలుకకి లెక్క తెలుసు. కొత్త రకం వంటకంలో తేడా వస్తే క్షమిస్తాడు గానీ పప్పుచారులో క్షమించడు. ఊరి పేర్లూ అంతే. కొరాపుట్ కాలాజీరా బియ్యానికి జీఐ ట్యాగ్, అంటే ఆ ప్రాంతపు సరుకుకే ఆ పేరు దక్కే చట్టబద్ధ గుర్తింపు, ఉంది. వేరే బియ్యం వండి ఆ పేరు రాస్తే రివ్యూల్లో పరువు పోవడంతో ఆగదు, చట్టం దాకా వెళ్తుంది.

అపోహ: 'హెల్దీ', 'ప్రోబయోటిక్' అని రాస్తే ఎగబడతారు.

2017లో ఒక అమెరికా యూనివర్సిటీ క్యాంటీన్‌లో అవే కూరగాయలకి రోజుకో రకం పేరు పెట్టి చూస్తే, ఆరోగ్యం చెప్పే పేరు పెట్టిన రోజుకంటే రుచి చెప్పే పేరు పెట్టిన రోజే ఎక్కువమంది వడ్డించుకున్నారు. చద్దన్నం మంచిదని మన వాళ్లకి ఎవరూ కార్డు మీద చెప్పక్కర్లేదు.

అపోహ: పేరు రిచ్‌గా ఉంటే జీఎస్టీ పెరుగుతుంది.

ఇది ఎవరు పుట్టించారో గానీ, రెస్టారెంట్ ఎక్కడుందన్నదాన్ని బట్టే రేటు. మామూలు రెస్టారెంట్ అయితే 5 శాతం, రూము అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటల్ లోపలిదైతే 18. పఖాళని ఏ పేరుతో పిలిచినా అంతే. మీ ఆడిటర్‌ని అడగండి, గ్రూపులో అడగొద్దు.

అపోహ: ఒకసారి కార్డు ప్రింటైతే ఇక అంతే.

రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి భయపడేవాళ్లు ఎక్కువగా దీనికే భయపడతారు. లామినేషన్ జోలికి పోకండి. ఏ4 కాగితం మీద కొట్టించి రెండు వారాలు కార్డులో పెట్టి చూడండి, సాయంత్రం షిఫ్ట్ ముందు కుర్రాళ్లతో పైకి చదివించండి, ఎక్కడ నాలుక తడబడితే అక్కడ మార్చండి, ప్రింటర్ దగ్గరికి ఆ తర్వాత వెళ్లొచ్చు. పఖాళ సంగతికొస్తే, చాలా హోటళ్లలో అది వానలు పడగానే మెనూలోంచి తీసేసేదే, దానికి ఖరీదైన కార్డు దండగ.