ఆపరేషన్ తప్పదన్నాక ఆగడం ఎందుకు?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

పైత్యరస నాళంలో తిత్తితో పుట్టిన పసిబిడ్డకు ఆపరేషన్ తప్పదని చెప్పిన డాక్టర్లే మళ్లీ కొంతకాలం ఆగుదామనడం ఏమిటని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. పిల్లల సర్జన్లలో కూడా దీనిపై ఇంకా పూర్తి ఏకాభిప్రాయం లేదు.

కాలేయంలో తయారయ్యే పైత్యరసం ఒక సన్నని నాళం గుండా చిన్నపేగుకు చేరి, తిన్న కొవ్వు అరగడానికి తోడ్పడుతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ నాళం ఒకచోట బుడగలా ఉబ్బి ఉంటుంది. దానినే కోలెడోకల్ సిస్ట్ అంటారు. ఇది మగపిల్లలలో కంటే ఆడపిల్లలలో ఎక్కువ. తూర్పు ఆసియా దేశాలలో మరీ తరచుగా కనిపిస్తుంది. పైత్యరస నాళమూ, క్లోమం (పాంక్రియాస్) నుంచి జీర్ణరసాన్ని తెచ్చే క్లోమనాళమూ పేగుగోడకు చేరకముందే కలిసిపోవడం వల్ల క్లోమరసం వెనక్కి ఎగదన్ని నాళపు గోడను బలహీనపరుస్తుందని 1969లో బాబిట్ అనే వైద్యుడు ప్రతిపాదించారు. ఎక్కువమంది ఒప్పుకొనే వివరణ ఇదే అయినా, బిడ్డ గర్భంలో ఉండగానే కనిపించే తిత్తులకు ఇది అంతగా అతకదని నా అభిప్రాయం.

తిత్తిని అలాగే వదిలేస్తే పైత్యరసం నిలవ ఉండి రాళ్లు కడతాయి, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, క్లోమం వాస్తుంది, కాలేయం క్రమంగా గట్టిపడుతుంది, పెద్దయ్యాక ఆ గోడలో క్యాన్సర్ కూడా రావచ్చు. పూర్వం తిత్తిని తీయకుండా పేగుకు కలిపి కుట్టేవారు. జబ్బుపడిన గోడ లోపలే ఉండిపోవడంతో ఈ బాధలన్నీ మళ్లీ మొదలయ్యేవి. అందుకే ఇప్పుడు తిత్తినీ పిత్తాశయాన్నీ తీసివేసి, కాలేయం నుంచి వచ్చే నాళాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు.

కడుపునొప్పి, కామెర్లు, జ్వరం మొదలైన పిల్లల విషయంలో నెలల తరబడి ఆగడం వల్ల ఒరిగేదేమీ లేదు. అయితే ఇన్‌ఫెక్షన్ గాని, క్లోమపు వాపు గాని ముమ్మరంగా ఉన్నప్పుడు తిత్తి చుట్టుపక్కల రక్తనాళాలకు అతుక్కుని ఉంటుంది కనుక, ముందుగా యాంటీబయాటిక్స్‌తో దానిని చల్లార్చి తరువాత కోయడమే క్షేమం. తిత్తి పగిలితే మాత్రం అప్పటికప్పుడు లోపలి పైత్యరసాన్ని బయటికి తీసే ఏర్పాటు చేసి, అసలు ఆపరేషన్‌ను బిడ్డ కోలుకున్నాకే చేయడం తరచుగా అనుసరించే పద్ధతి.

చిక్కంతా గర్భంలోనే అల్ట్రాసౌండ్‌లో తిత్తి బయటపడి, పుట్టాక ఏ లక్షణమూ లేకుండా హాయిగా పాలు తాగుతున్న బిడ్డ దగ్గరే. ముందుగా తేల్చుకోవలసినది, అది నిజంగా ఈ తిత్తేనా, లేక పైత్యరస నాళాలు మూసుకుపోయే బిలియరీ అట్రీషియా అనే జబ్బులో కనిపించే తిత్తా అన్నది. మలం సున్నంలా తెల్లబారినా, రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్ (పైత్యరసంతో బయటికి పోవలసిన పసుపు పదార్థం) పెరిగినా ఆగే ప్రశ్నే లేదు. ఆ జబ్బుకు చేసే కసాయ్ ఆపరేషన్, అంటే మూసుకుపోయిన నాళాలను తీసి పేగును నేరుగా కాలేయానికి కలపడం, రెండు నెలల వయసు లోపు జరిగితేనే మంచి ఫలితానికి ఎక్కువ అవకాశం.

ఆ అనుమానం తీరిపోయి, బిడ్డ ఆరోగ్యంగా ఉంటే అప్పుడే రెండు వాదాలు తలెత్తుతాయి. పైకి ఏమీ కనిపించకుండానే కాలేయం గట్టిపడుతూ ఉండవచ్చు కనుక తొలి వారాలలోనే చేయాలని కొందరు అంటారు. కొద్ది మిల్లీమీటర్ల వెడల్పున్న నాళాన్ని కుడితే ఆ కుట్టు దగ్గర తరువాత ఇరుకు ఏర్పడవచ్చని, మత్తుమందును తట్టుకునే శక్తి కూడా కాస్త ఎదిగిన బిడ్డకే ఎక్కువని మరికొందరు మూడు నుంచి ఆరు నెలల వయసు వరకు ఆగుతారు. నాకు రెండో దారే మేలనిపిస్తుంది, కాని ఒక షరతు మీద: ఆ ఆగడం ఊరికే కూర్చోవడం కాకూడదు. క్రమం తప్పకుండా స్కానింగ్, రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. తిత్తి పెరిగినా, కాలేయ పరీక్షలు చెడినా, కామెర్లు వచ్చినా అనుకున్న నెల రాలేదని చూడకుండా ఆపరేషన్‌కు సిద్ధపడాలి.

ఆపరేషన్‌తో వైద్యుడి పని ముగియదు. కాలేయం లోపలి నాళాలు అలాగే ఉంటాయి, కుట్టిన చోట ఏళ్ల తరువాత కూడా ఇరుకు గాని, రాళ్లు గాని ఏర్పడవచ్చు. అందుచేత ఆ బిడ్డ పెద్దయ్యాక కూడా పరీక్షలు మానకూడదు. ఎప్పుడైనా కామెర్లతో చలిజ్వరం వస్తే, చిన్నప్పుడు జరిగిన ఈ ఆపరేషన్ సంగతి వైద్యుడికి మొదటే చెప్పాలి.

ఇట్లు,
మీ తాతయ్య