బండి ఆగే ఊళ్ళు

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నది ఒక ప్రశ్న వేసింది. "తాతయ్యా, వందే భారత్‌లో వస్తుంటే మధ్యలో పసుప్పచ్చ బోర్డులు గబగబా వెనక్కి పోయాయి. పేరు చదివే లోపే స్టేషన్ అయిపోతోంది. అక్కడ ఎవరు దిగుతారు?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే జవాబు కాదది. అందుకే ఈ ఉత్తరం.

అక్కడ నేను దిగేవాణ్ణి. నెల్లూరు జిల్లా కావలిలో మన కాపురం, తలమంచి పక్కన బడిలో నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి వెళ్ళి, సాయంత్రం ప్యాసింజర్‌లోనే ఇల్లు చేరాను. చొక్కా జేబులో సీజన్ టికెట్ లేకపోతే చెయ్యి విరిగినట్టుండేది.

మన లైను పాతది. 1899లో మద్రాసు, బెజవాడల మధ్య బండ్లు నడవడం మొదలైంది. అవి బొగ్గింజన్ల రోజులు. బొగ్గింజనుకు దాహం ఎక్కువ. కొంత దూరం పోగానే నీళ్ళు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద దులపాలి, డ్రైవర్లు మారాలి. మద్రాసు నుంచి బెజవాడకు 431 కిలోమీటర్లయితే అందులో ఇంచుమించు సగం దూరంలో ఉంది బిట్రగుంట. అందుకే అంత చిన్న ఊళ్ళో అంత పెద్ద లోకో షెడ్డు, దాని చుట్టూ రైల్వే కాలనీ వెలిశాయి. ఆ షెడ్డు కూతతో నిద్ర లేచిన ఇళ్ళు ఎన్నో. 1980 కల్లా మన లైనుకు కరెంటు వచ్చింది. కరెంటు ఇంజనుకు నీళ్ళతో పని లేదు, బిట్రగుంటలో ఆగాల్సిన అవసరమూ లేదు. రోడ్డు వంకర తీస్తే మలుపు దగ్గరున్న అంగడి ఏమవుతుందో బిట్రగుంటకూ అదే అయింది. ఖాళీ పడిన క్వార్టర్ల గోడల్లోంచి రావి మొక్కలు మొలిచాయి. అటువైపు వెళ్ళినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మా రోజుల్లో టికెట్ అంటే అట్టముక్క, మీ బొటనవేలంత వెడల్పు. స్టేషన్ మాస్టరుగారు దాన్ని చిన్న ఇనప మిషన్లో పెట్టి 'టక్' మనిపిస్తే తేదీ అచ్చుపడేది. ఆ అట్ట వాసన ఇప్పటికీ గుర్తే.

బండి నిండా ఒక ఊరే ఉండేది. వేసవిలో ఉలవపాడు దగ్గర మామిడికాయల గంపలు ఎక్కేవి. తడి గోనెపట్టా కింద, తొడిమ దగ్గర జీడి ఇంకా ఆరని కాయలు. ప్లాట్‌ఫారాలు అప్పుడు బాగా పల్లం, బండి ఆగేది ఒక్క నిమిషం. సాయంత్రం నేను కావలిలో దిగుతుంటే అటునుంచి గంపతో వచ్చిన ఒక అవ్వ రోజూ తలుపు దగ్గర నన్ను పిలిచేది: "అయ్యవారూ, ఒక చెయ్యెయ్యండి." గంప దించి తలమీద పెట్టేవాణ్ణి. వద్దంటున్నా ఒక కాయ నా సంచిలో వేసిగానీ కదిలేది కాదు. ఆ గంపను ఏ ఎక్స్‌ప్రెస్సు తీసుకెళుతుంది చెప్పండి?

ఇప్పుడు ఒక కిటుకు చెబుతా. ప్యాసింజర్ ఎందుకు ఆలస్యమవుతుందో తెలుసా? ఇన్నాళ్ళూ మనకున్నవి రెండే లైన్లు, పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి. వెనకనుంచి ఎక్స్‌ప్రెస్సు వస్తోందంటే మన బండిని స్టేషన్లో పక్క లైనులోకి తిప్పి నిలబెట్టాల్సిందే. దాన్నే లూప్ లైన్ అంటారు. "క్రాసింగ్ పడిందంట" అని ఎవరో అనగానే అందరూ కిందికి దిగి వేపచెట్టు నీడకు చేరేవాళ్ళు. కొన్ని చోట్ల ఆ లూప్ లైన్ కూడా ఉండదు, సిగ్నల్ ఉండదు, స్టేషన్ మాస్టర్ ఉండడు. కమిషన్ మీద టికెట్లు అమ్మే మనిషి ఒక్కడే. వాటిని హాల్ట్ అంటారు.

ఈ ఇబ్బంది తీరడానికే విజయవాడ నుంచి గూడూరు దాకా 288 కిలోమీటర్ల మూడో లైను మంజూరు చేశారు, 2015-16లో. చాలా మేర బండ్లు నడుస్తున్నాయి కూడా. ఆ లైను వల్ల మిగిలే సమయంలో కొంతైనా చిన్న స్టేషన్లలో ఆగే బండ్లకు దక్కాలని నా కోరిక. కొత్త లైను వేసి ఎక్స్‌ప్రెస్సులనే పెంచితే పట్టాలు వేసిన పొలాల ఊళ్ళకు మిగిలేది హారన్ మోతే.

2020 మార్చిలో కరోనా వచ్చి బండ్లన్నీ ఆగిపోయినప్పుడు నాకు ఇది బాగా అర్థమైంది. ముందు ఎక్స్‌ప్రెస్సులు తిరగడం మొదలయ్యాయి. ప్యాసింజర్లు చాలా ఆలస్యంగా వచ్చాయి, అదీ స్పెషల్ అనే పేరుతో. 10 రూపాయల కనీస టికెట్ 30 అయింది. కూలికి పోయే మనిషికి రానూపోనూ 60 రూపాయలంటే మాటలా? 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పాత రేటు వచ్చింది. ఆ నాలుగేళ్ళలో ఆటోలకూ బస్సులకూ అలవాటు పడినవాళ్ళు కొందరు తిరిగి స్టేషన్‌కు రాలేదు. జనం లేరని బండి ఆపరు, బండి ఆగదని జనం రారు. చిన్న స్టేషన్ చిక్కిపోయేది అలాగే.

అంతా చీకటే అనుకోకండి. స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకం కింద 2023 ఆగస్టులో శంకుస్థాపన జరిగిన వాటిలో ఒంగోలుతోపాటు సింగరాయకొండ, దొనకొండ కూడా ఉన్నాయి. పాత డబ్బాల చోట మెము బండ్లు, అంటే విడిగా ఇంజన్ తగిలించని కరెంటు బండ్లు, వచ్చాయి. రెండు చివర్లా డ్రైవర్ గది ఉంటుంది కాబట్టి ఇంజన్ మార్చే పని లేదు, ఆగి కదిలిన వెంటనే వేగం అందుకుంటుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. మన లైన్లో ఇప్పుడు 130 కిలోమీటర్ల వేగంతో బండ్లు పోతాయి. అంటే సెకనుకు 36 మీటర్లు. దూరంగా కనిపించింది కదా అని పట్టాలు దాటొద్దు, వంతెన ఎక్కండి.

మే నెలలో మీరు వచ్చినప్పుడు నెల్లూరులో మెము ఎక్కుదాం. పెన్న వంతెన దాటగానే పడుగుపాడు. 2021 నవంబరు వరదలో పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది అక్కడే, చూపిస్తా. చాలా పసుప్పచ్చ బోర్డుల కింద సముద్ర మట్టానికి ఆ చోటు ఎంత ఎత్తో రాసి ఉంటుంది. నోటుబుక్కు తెచ్చుకోండి, ఉలవపాడు దాకా ఒక్కటీ వదలకుండా రాద్దాం. టికెట్లు నేను తీస్తా, గంప మీరు మొయ్యాలి.

మీ తాతయ్య