ట్యాంక్ బండ్ మీద ట్యాంక్ ఏది?

చిట్టీ, బుజ్జీ,

దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆటోలో ట్యాంక్ బండ్ మీదుగా వస్తుంటే బుజ్జి ఒక ప్రశ్న అడిగాడు. "తాతా, దీని పేరు ట్యాంక్ బండ్ కదా, మరి ట్యాంక్ ఏది?" అని. నా ధ్యాసేమో ఆటో మీటరు మీద ఉంది. ఇంతలో సికింద్రాబాద్ వైపు చివర మిలిటరీ ట్యాంక్ కనబడేసరికి "అదిగో" అనేశాను. డ్రైవరన్న కూడా "అవు బాబూ, పర్సోం తెచ్చి పెట్టిన్రు" అని సాక్ష్యం చెప్పాడు.

పర్సోం అంటే మొన్న. కానీ హైదరాబాద్‌లో ఆ మాటకి హద్దుల్లేవు. మొన్నైనా పర్సోమే, మీ నాన్న పుట్టకముందైనా పర్సోమే. అది 1971 యుద్ధంలో పాకిస్తాన్ సైన్యం నుంచి మనవాళ్లు పట్టుకున్న ప్యాటన్ ట్యాంక్. అందుకని డ్రైవరన్నది అబద్ధం కాదు. తప్పంతా నాదే.

అసలు సంగతి ఏంటంటే, ఆ పక్కన నీళ్లున్నాయి చూశారా, అదే ట్యాంక్! మన దేశానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు చెరువుని ట్యాంక్ అనేవాళ్లు. బండ్ అంటే కట్ట. మొత్తం కలిపితే చెరువు కట్ట. మీ ఊళ్లో కట్ట మీద బర్రెలు పోతాయి, ఇక్కడ సిటీ బస్సులు పోతాయి, అంతే తేడా. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560ల్లో హుస్సేన్ షా వలీ ఈ చెరువు కట్టించాడు. హైదరాబాద్ నగరం మొదలైంది 1591లో. అంటే ఊరికంటే చెరువే పెద్దది, వయసులో.

మీరు వెళ్లిపోయాక ఇంకోటి గుర్తొచ్చింది. ఆ మిలిటరీ ట్యాంక్‌కి కూడా పేరు నీళ్లనుంచే వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండ్‌లో ఈ బండ్లను రహస్యంగా తయారుచేశారు. ఫ్యాక్టరీ పనివాళ్లకి కూడా నిజం తెలియకూడదని, నీళ్లు మోసే ట్యాంకులు చేస్తున్నాం అని చెప్పారు. 1916 సెప్టెంబరులో అవి ఫ్రాన్స్‌లో యుద్ధభూమికి వెళ్లాయి. గుట్టు బయటపడింది కానీ పేరు అలాగే ఉండిపోయింది. చివరికి ఆ దొంగ నీళ్ల ట్యాంకొకటి వచ్చి అసలు నీళ్ల ట్యాంక్ పక్కనే నిలబడింది. ఇది తలుచుకుని నేనొక్కడినే నవ్వుకుంటుంటే మీ నానమ్మ టీవీ సౌండు తగ్గించి నావైపు చూసింది.

ఈ ఊళ్లో పేర్లన్నీ ఇలాంటివే. లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన. ఇప్పుడక్కడ కట్టె లేదు, ట్రాఫిక్ ఉంది. మూసారాంబాగ్ ఇంకా తమాషా. నిజాం సైన్యంలో రేమండ్ అని ఫ్రెంచి దొర ఉండేవాడు, 1798లో చనిపోయాడు. ఫ్రెంచిలో అయ్యగారూ అనడానికి 'మోసియే' అంటారు. మోసియే రేమండ్ మన నోళ్లలో నలిగి నలిగి మూసా రాం అయ్యాడు. హిందువులకి రాముడు వినబడ్డాడు, ముస్లింలు మూసా రహీం అనుకున్నారు, ఎవరికీ ఇబ్బంది లేదు.

చిట్టీ, బుద్ధుడి విగ్రహం నీళ్ల మీద ఎలా నిలబడింది అన్నావు. అది నీళ్లలో ఉన్న బండరాయి మీద ఉంది. ఆ బండకి జిబ్రాల్టర్ రాక్ అని పేరు. అసలు జిబ్రాల్టర్ ఎక్కడో స్పెయిన్ కొసన ఉంటుంది! భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాయిలో చెక్కిన విగ్రహం అది. 1990 మార్చిలో పడవ మీద తీసుకెళ్తుంటే పడవ ఒరిగి చెరువులో మునిగిపోయింది. కొందరి ప్రాణాలు కూడా పోయాయి. మళ్లీ పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. మధ్యలో అంతకాలం బుద్ధుడు చేపల మధ్యే పడుకుని ఉన్నాడు. అప్పట్లో సాయంత్రాలు కట్ట మీద నడిచేవాళ్లం వేళ్లు చూపించి, ఇక్కడున్నాడంటే అక్కడున్నాడని వాదించుకునేవాళ్లం. మిర్చీ బజ్జీలు చల్లారిపోయేవి గానీ వాదన చల్లారేది కాదు.

బుజ్జీ, నీ ఎర్ర టోపీ మా సోఫా కింద దొరికింది. అరకిలో ఉస్మానియా బిస్కెట్లతో కలిపి పార్సిల్ చేస్తున్నాను. అవి ఉస్మానియా ఆసుపత్రిలో చేస్తారా అని అడిగావు కదా, ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు అది. టోపీలో బిస్కెట్ పొడి పడితే దులుపుకో, అమ్మకి చెప్పకు.

మీ
తాత